ప్రామాణిక పాదచారి

ఈ రాష్ట్రంలో నడవకుండా ఉండటానికి ప్రభుత్వం ప్రత్యేకంగా నియమించిన మనిషిని నేనొక్కణ్ణే. నడవని ఉద్యోగులు చాలామంది ఉన్నారు, కాదనను. వాళ్ళంతా సొంత ప్రతిభతో నడవనివాళ్ళు. నాకు మాత్రం ఉత్తర్వు ఉండేది. మెడలో వేసుకోవడానికి కార్డు కూడా ఇచ్చారు.

నా పేరు ముక్కామల సీతాపతి. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. నన్ను చూడగానే కూరగాయల బజారు మొత్తం తక్కెళ్ళు సరిచేసుకునే రోజులు పోయాక నాకు మిగిలినవి షుగరు, కొంచెం పొట్ట, బోలెడన్ని అభిప్రాయాలు. మొదటి రెండింటికీ డాక్టరమ్మ నడక రాసిచ్చింది. మూడోదానికి మందు రాయలేదు.

మా మొగలికోట ఒకప్పుడు చిన్న సంస్థానం. దొరలు పోయారు, కోట మాత్రం పడిపోవాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడి ఉంది. మా వీధి చివర సింహద్వారం దాటితే సపోటా తోట, తోట దాటితే గుర్రపుసాల పక్కగా చిన్న ఎత్తు, ఆపైన టేకు చెట్ల అడవి, అడవి దిగితే దొరగారి చెరువు. గట్టు మీదుగా తిరిగి మా వీధిలోకి రావచ్చు. రోజూ పొద్దున్నే నేనూ మా ఆవిడ హైమవతీ ఈ చుట్టు చుట్టి వచ్చేవాళ్ళం. చెరువు తూము మీద కాసేపు కూర్చునేవాళ్ళం.

ఇంట్లో మేం మాట్లాడుకోమని కాదు. గ్యాసు అయిపోయింది, మోటారు ఆపారా, ఎవరో బెల్లు కొట్టారు, ఇవన్నీ మాట్లాడుకుంటాం. అసలు మాటలు మాత్రం నడకలోనే వచ్చేవి. ఎదురెదురుగా కూర్చుంటే నోటికి రానివి పక్కపక్కన నడుస్తుంటే వస్తాయి. వాళ్ళమ్మ చివరి రోజుల్లో తనతో అన్న మాట ఒకటి హైమ నాకు టేకు చెట్ల మధ్యే చెప్పింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి. నాకు ఆ నడక అంటే అందుకే ప్రాణం. షుగరు సంగతి డాక్టరమ్మకి చెప్పుకోవడానికి.

ఇలా ఉండగా మా రాష్ట్రం నుంచి కొందరు పెద్ద అధికారులు విదేశాలకు అధ్యయన యాత్రకి వెళ్ళారు. అక్కడ అడవుల్లోనూ, సరస్సుల ఒడ్డునా, పాత కోటల తోటల్లోనూ ‘ఇది సులభమైన నడక’ అని బోర్డులు పెట్టి ఉంటాయట. జనం ఆ బోర్డు చూసి నమ్మి నడుస్తారట. అధికారులకి కళ్ళు చెమర్చాయి. మన దగ్గర అడవులున్నాయి, చెరువులున్నాయి, కోటలున్నాయి, లేనిది బోర్డే కదా అనుకున్నారు. తిరిగి రాగానే ‘రాష్ట్ర సులభ నడకల ప్రాధికార సంస్థ’ పుట్టింది. ముందు ‘పాదయాత్రల సంస్థ’ అని పేరు పెడదామనుకున్నారు గానీ, పాదయాత్ర చేసినవాడు చివరికి ఎక్కడ తేలతాడో తెలియదని ఎవరో హెచ్చరించారు.

మొదటి నడకగా మా మొగలికోటనే ఎంపిక చేశారు. సంస్థ డైరెక్టరు త్రినాథ్ గారు ఒక కమిటీతో సహా నాలుగు కార్లలో వచ్చి సింహద్వారం దగ్గర దిగారు. దిగినచోటే చర్చ మొదలైంది. బోర్డు పెట్టడం సరే, అసలు సులభం అంటే ఏమిటి? సభ్యుల్లో ఒకాయన మారథాన్ పరిగెత్తేవాడు, ఆయనకి అంతా సులభమే. ఇంకొకాయన కారు దిగడమే కష్టంగా దిగాడు.

“సులభత్వమును నిర్ధారించుటకు నిర్దిష్టమైన ప్రాతిపదిక లేనందున బోర్డు ఏర్పాటును పెండింగులో ఉంచవలసి వస్తున్నది” అన్నారు త్రినాథ్ గారు. ఆయన మాట్లాడితే టైపు కొట్టినట్టే ఉంటుంది.

మేం అప్పుడే చెరువు నుంచి తిరిగి వస్తున్నాం. హైమ నా చొక్కా పట్టి లాగింది. “పదండి, ఉప్మా చెయ్యాలి. వాళ్ళ గొడవ మనకెందుకు?”

నోరు మూసుకుని ఉప్మాకి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ లేదు. నేను ముందుకు వెళ్ళి గొంతు సవరించుకున్నాను. కిలో అంటే ఏమిటని మా శాఖ ఏనాడూ కొట్టుకోలేదండీ, ఒక ప్రామాణికమైన రాయి పెట్టుకున్నాం, దానికి సరితూగిందే కిలో, అలాగే మీరూ ఒక ప్రామాణికమైన మనిషిని పెట్టుకోండి, ఆయన హాయిగా నడవగలిగిందే సులభం అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? అసలు రాయిని ఎవరూ వాడకూడదనీ, ముట్టుకుంటే గీతలు పడతాయనీ, గాజు పెట్టెలో మఖమలు గుడ్డ మీద ఉంచాలనీ, వాడితే అరిగిపోతుందనీ, అరిగిన రాయి దొంగతో సమానమనీ కూడా ఉపన్యసించాను. రిటైరయ్యాక నా మాట అంతమంది నిలబడి వినడం అదే మొదటిసారి.

కమిటీ మొత్తం నన్ను పైనుంచి కిందికి చూసింది. పొట్ట దగ్గర కొంచెం ఎక్కువసేపు చూసింది.

“వయస్సు, బరువు, మోకాళ్ళ పరిస్థితి దృష్ట్యా తమరు ఈ రాష్ట్రపు సగటు పౌరునికి అత్యంత సమీపముగా ఉన్నారు” అన్నారు త్రినాథ్ గారు.

సగటు అనిపించుకుని పొంగిపోయినవాడు నాలాగ మరొకడు ఉండడు. నన్ను ‘ప్రామాణిక పాదచారి’గా నియమించారు. రాష్ట్ర చిహ్నం ఉన్న పచ్చ కోటు ఇచ్చారు. ప్రామాణిక పాదచారి తోటివారితో సంభాషణ తెగకుండా ఎంత దూరం నడవగలడో అంతే సులభ నడక, ఊపిరి అందక సంభాషణ ఎక్కడ తెగితే అక్కడితో సులభం సమాప్తం అని నిబంధన రాశారు. హైమ ఆ కోటులో నన్ను చూసి పెరట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చింది.

మొదటి పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. నాతో సంభాషించడానికి సుగుణాకర్ అనే ఇంజనీరుని ఇచ్చారు. అతని చేతిలో మాట తెగగానే నొక్కాల్సిన ఒక యంత్రం, నోట్లో ఆమోదం పొందిన ప్రశ్నలు. “నేటి వాతావరణం పట్ల తమరి అభిప్రాయమేమి?” అని సపోటా తోటలో అడిగాడు. “అనుకూలం” అన్నాను. చెరువు గట్టు మీద కూడా అదే అడిగాడు. అక్కడ గాలి బావుంది గనక “మరింత అనుకూలం” అన్నాను. మొత్తం చుట్టు సులభమని తేలింది. సింహద్వారం పక్కన బోర్డు వెలిసింది, కింద చిన్న అక్షరాల్లో నా పేరు. ఆ వారమంతా ఏదో ఒక నెపం మీద ఆ బోర్డు ముందునుంచే పాల పాకెట్టుకి వెళ్ళాను.

తర్వాతి పరీక్ష నాటికి నేను ఇంకొంచెం గట్టిపడ్డాను. రోజూ నడుస్తున్నాను మరి. షుగరు దిగింది, ప్యాంటుకి బెల్టు అవసరం పడింది. గుర్రపుసాల ఎత్తు ఎక్కుతూ సుగుణాకర్‌కే ఆయాసం వస్తే నేను అతనికి వాతావరణం గురించి చెప్పాను. చప్పట్లు కొడతారనుకున్నాను. త్రినాథ్ గారి ముఖం మాడిపోయింది.

“ప్రమాణము చలించినది” అన్నారాయన. “తమరు ఇదే విధముగా ఆరోగ్యవంతులగుచు పోయినచో రేపు కొండలు సైతము సులభమని తేలును. మిమ్ము నమ్మి పౌరులు ఎక్కుదురు. పడుదురు. కోర్టుకు పోవుదురు.”

“బాగుపడితే మంచిదే కదండీ” అన్నాను.

“వాడిన రాయి అరుగునని తమరే సెలవిచ్చితిరి. కమిటీ దానిని ఏకగ్రీవముగా ఆమోదించినది.”

మర్నాడు సంరక్షణ ఉత్తర్వు వచ్చింది. ప్రామాణిక పాదచారి పరీక్ష రోజున తప్ప నడవరాదు. ఇంట్లో కదలడానికి చక్రాల కుర్చీ. బరువు తగ్గకుండా వారం వారం కోవా బిళ్ళలు. నన్ను కాపలా కాయడానికి బాజీ అనే మనిషి. అతను మా అరుగు మీద స్టూలేసుకుని కూర్చున్నాడు. నేను గుమ్మం దాటబోతే ఈల వేశాడు.

“ఏంటిది బాజీ?”

“నా డ్యూటీ అదేనండి బాబూ. తమరు లేస్తే ఈల వెయ్యమన్నారండి. బాత్రూముకైతే వెయ్యొద్దన్నారండి.”

వద్దని ఎందుకు అనలేదని మీరు అడగవచ్చు. హైమా అదే అడిగింది. దేశంలో ఇలాంటి పదవి ఇంకెవరికీ లేదు, రాయి అన్నాక కొంత త్యాగం తప్పదు అని చెప్పాను. చెబుతూ కోవా బిళ్ళ తిన్నాను. ఆవిడ చెప్పులేసుకుని ఒక్కతే నడకకి వెళ్ళింది.

మొదట్లో తిరిగి రాగానే అన్నీ చెప్పేది. చెరువులోకి ఎర్రకాళ్ళ కొంగలు వచ్చాయి, కోట గోడ మీద రావిమొక్క మొలిచింది అని. నేను కుర్చీలోంచి వినేవాణ్ణి. క్రమంగా ఆ చెప్పడం కురచైపోయింది. “ఎలా ఉంది?” అంటే “అలాగే ఉంది” అనేది. మళ్ళీ మేం గ్యాసు, మోటారు, బెల్లు దగ్గరకి వచ్చేశాం. పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఆవిడ వచ్చే దారి వైపే చూస్తూ ఉండేవాణ్ణి. నాకు దిగులుగా ఉండేది. ప్రామాణిక దిగులేమో, ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఇక పరీక్షల సంగతి. కూర్చున్నవాడికి కాళ్ళు ఏమవుతాయో అవే అయ్యాయి. ఒక పరీక్షలో చెరువు గట్టు మీద నా మాట తెగింది. గట్టుకి కంచె వేసేశారు. ఇంకో పరీక్షలో టేకు అడవి మొదట్లోనే తెగింది. అడవీ పోయింది. సులభం కాని చోట పౌరుడు ఉంటే అది సంస్థ పరువుకి భంగం గనక అటు ఎవరినీ పోనివ్వలేదు. వెళ్ళి తీరాలంటే కష్ట నడకల సంస్థ అనుమతి తీసుకోవాలన్నారు. ఆ సంస్థ ఇంకా పుట్టలేదు. నా నడక తగ్గేకొద్దీ ఊరి నడక తగ్గింది. పశువులవాళ్ళు రోడ్డు మీదుగా తిప్పి తోలుకెళ్తూ మా ఇంటి ముందు ఆగి నా మోకాళ్ళ వైపు చూసేవాళ్ళు. హైమ చెరువు పోయాక అడవిలో, అడవి పోయాక తోటలో తిరిగేది.

“కాస్త గట్టిగా నడవకూడదటండీ పరీక్షప్పుడు” అంది ఒకరోజు. అడగడం ఇష్టం లేనట్టుగా అడిగింది.

“నడుస్తాను హైమా” అన్నాను. ఆ పరీక్షలో సపోటా తోట సగంలోనే “వాతావరణం అను...” అని ఆగిపోయాను.

త్రినాథ్ గారు మాత్రం మహదానందంగా ఉన్నారు. నడక ఎంత కురచైతే జారిపడేవాళ్ళు అంత తగ్గారు. దేశంలోకెల్లా అత్యంత సులభమైన నడక మాదేనని ఢిల్లీ నుంచి ప్రశంస కూడా వచ్చింది. దాన్ని శాశ్వతం చేయడానికి మంత్రిగారి చేత ప్రారంభోత్సవం పెట్టారు. అప్పటికి నడక సింహద్వారం దగ్గర మొదలై, తోటలో వేసిన సిమెంటు బల్ల దగ్గర అయిపోతుంది. ద్వారంలో నిలబడి బల్ల మీద ఎవరు కూర్చున్నారో గుర్తుపట్టవచ్చు. లోపలి కంచెలు విప్పి తెచ్చి, బల్ల వెనకా గట్టు చివరా బిగించి, రెండు చోట్లా కొత్త ఇనుప గేట్లు పెట్టారు. సభ కాగానే వాటికి తాళాలు వేసి, సీలు వేసి, తాళంచెవులు రాజధానికి పంపుతారట.

నేను పచ్చకోటుతో నడిచి బల్ల మీద కూర్చున్నాను. కోటు బొత్తాలు అప్పటికే పట్టడం మానేశాయి. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఇంత కురచ నడకను తాను జీవితంలో చూడలేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. హైమ ఆడవాళ్ళ వరసలోంచి లేచి నా దగ్గరకి వచ్చింది.

“తాళం వేసేలోపు ఒకసారి చెరువు చూసి వస్తానండీ. మీరు కూర్చోండి” అంది మెల్లిగా.

కూర్చోండి అన్న మాట నాతో రాష్ట్రమంతా అంటోంది. ఆవిడ అనడం వేరు. ఒళ్ళు మండింది, ఆవిడ మీద కాదు. బల్ల పట్టుకుని లేచాను. బాజీ ఈల నోట్లో పెట్టుకుని, మంత్రిగారు మాట్లాడుతున్నారని గుర్తొచ్చి తీసేశాడు. మేమిద్దరం గేటు దాటాం.

వెనక గోల బయలుదేరింది. “ప్రమాణము బయటికి పోవుచున్నది” అన్నారు త్రినాథ్ గారు. నన్ను పట్టి ఆపడానికి వీల్లేదు. పట్టుకుంటే గీతలు పడతాయని రాయి ముట్టుకోకూడదని కూడా నేనే చెప్పాను. చివరికి సుగుణాకర్‌ని యంత్రంతో మా వెనక తరిమారు. ప్రామాణిక పాదచారి ఎటు నడిచినా అది పరీక్ష కిందికే వస్తుంది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. ఈ చుట్టంతా మాట తెగకుండా నడిచేస్తే, వాళ్ళ నిబంధన ప్రకారమే మొత్తం సులభమైపోతుంది. గేట్లు తియ్యక చస్తారా?

గుర్రపుసాల ఎత్తు దగ్గరే ఆ ఆలోచనకి ఊపిరి అయిపోయింది. “నేటి వాతావరణం పట్ల...” అన్నాడు సుగుణాకర్. నోరు తెరిచాను. గాలి లోపలికి వెళ్తోంది గానీ మాట బయటికి రావడం లేదు. అతను జాలిగా యంత్రం మీద వేలు పెట్టాడు.

“మా చిన్నత్త కూతురు పెళ్ళిలో ఏం జరిగిందో నీకు చెప్పానా సుగుణాకర్?” అంది హైమ. అతని జవాబు కోసం ఆగలేదు. గారెలు మాడిన దగ్గర్నుంచి ఎత్తుకుంది. నేను “ఊఁ” అన్నాను. అది అనడానికి పెద్ద ఊపిరి అక్కర్లేదు.

పెళ్ళి అయిపోయేసరికి ఎత్తు ఎక్కేశాం. టేకు అడవిలో వాళ్ళ తమ్ముడి ఉద్యోగం, మా పెళ్ళప్పుడు నేను వేసుకున్న బూట్లు, ఎదురింటివాళ్ళ కుక్క వచ్చాయి. నేను చెట్టు చెట్టునీ పట్టుకుని నిలబడుతున్నాను, ఆవిడ నిలబడి కూడా మాట్లాడుతోంది. మాట సన్నగా సాగుతూనే ఉంది, ఎక్కడా తెగలేదు. సుగుణాకర్ వేలు యంత్రం మీదే ఉంది, నొక్కే అవకాశం రాలేదు. కాసేపటికి అతనూ “ఊఁ” అనడం మొదలుపెట్టాడు.

చెరువు కనిపించాక ఆవిడ గొంతు మారింది. నా వైపు చూడకుండా నీళ్ళ వైపు చూస్తూ చెప్పింది. “కంచె వేసేదాకా రోజూ వచ్చి ఈ తూము మీద కూర్చునేదాన్నండీ. మీకు చెప్పాల్సినవి ఇక్కడ పైకే చెప్పుకునేదాన్ని. ఎవరో చూసి, ఈవిడకేదో అయిందని అనుకున్నారు. ఇంటికొచ్చి మీ ముందు కూర్చుంటే ఒక్కటీ గుర్తొచ్చేది కాదు. ఆ కుర్చీలో మిమ్మల్ని చూస్తే భయమేసేది. నా కళ్ళ ముందే మనిషి కుంచించుకుపోతున్నాడని.”

నాకు ఏడుపొచ్చింది. ఆయాసం మీదికి నెట్టేసి “ఊఁ” అన్నాను.

ఎలాగో సింహద్వారం చేరాం. మంత్రిగారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. నేను నేల మీద చతికిలబడ్డాను. సుగుణాకర్ మంచివాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

“సంభాషణ ఎక్కడా తెగలేదండి.”

“ఎవరి సంభాషణ?” అన్నారు త్రినాథ్ గారు.

“ఎవరిది తెగకూడదో నిబంధనలో లేదండి.”

లేని దాన్ని అమలు చేయడం డైరెక్టరుకైనా కుదరదు. మంత్రిగారి సమక్షంలోనే మొత్తం చుట్టు సులభమని ప్రకటించి గేట్లు బార్లా తీశారు. ఆ సాయంత్రం పశువులవాళ్ళు మా ఇంటికి చెంబెడు జున్నుపాలు పంపారు. షుగరు ఉన్నవాడికి ఇంత పిసరు చాలంది హైమ.

మర్నాడు పొద్దున్నే త్రినాథ్ గారు మా ఇంటికి వచ్చారు. చేతిలో కొత్త పచ్చకోటు, ఆడవాళ్ళ కొలతది. రాత్రి కమిటీ అత్యవసరంగా సమావేశమైందట.

“నిన్నటి ఫలితము మీ ఇరువురి సంయుక్త కృషి వలన వచ్చినది. కావున శ్రీమతి హైమవతి గారిని ప్రామాణిక సంభాషకురాలిగా నియమించుట సముచితమని భావించడమైనది. మాట అరిగిపోకుండుటకు పరీక్ష రోజున తప్ప వారు గృహమునందు మౌనము పాటింపవలెను.”

నేను హైమ వైపు చూశాను. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం ఆ బోర్డు మీద మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన కనిపించాయి. బుద్ధి అంత తొందరగా వస్తే నేను సగటు మనిషిని ఎలా అవుతాను?

హైమ ఆయనకి కాఫీ ఇచ్చింది. కోటు మడతపెట్టి ఆయన ఒళ్ళోనే పెట్టింది. “నాకొద్దు బాబూ. నేను మా ఆయన కోసం మాట్లాడాను. మీ కోసం కాదు” అంది.

అంతే. ‘నాకొద్దు’ అనే మాట ప్రభుత్వంతో కూడా అనవచ్చని అన్నాళ్ళూ నాకు తట్టనే లేదు. నేనూ మెడలో కార్డు తీసి ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టాను. బాజీ అరుగు మీంచి స్టూలు తీసుకుని వెళ్తూ ఈల మాత్రం మా పక్కింటి పిల్లలకి ఇచ్చేశాడు. ఆ బాధ వేరే.

మనుషులు నమ్మదగిన ప్రమాణం కాదని సంస్థ తేల్చుకుంది. ఇప్పుడు రాజధానిలోని వాళ్ళ కార్యాలయంలో సిమెంటుతో పోసిన మనిషిని నిలబెట్టారు. పొట్ట నాదే, కొలతలు తీసుకెళ్ళారు. ఆయన అరగడు, బాగుపడడు, వద్దనడు. ఆయన నడవగలిగిందే సులభ నడక. ఇంతవరకూ ఆయన బయలుదేరకపోవడం వల్ల రాష్ట్రంలో సులభమైన నడక ఒక్కటీ లేదని అధికారికంగా ప్రకటించారు. మా ఊరి బోర్డు పీకేశారు. సులభ నడకే లేని ఊళ్ళో సంస్థకి పరువూ పనీ లేవు గనక గేట్లూ, కంచే కూడా విప్పుకుని పట్టుకెళ్ళారు.

మేం మళ్ళీ రోజూ వెళ్తున్నాం. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి, సంస్థ చివరికి చెప్పింది నిజమే. ఆ నడక ఇప్పుడు నాకు సులభం కాదు. గుర్రపుసాల ఎత్తు దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోతాను. హైమ తన మాట అక్కడే ఆపేసి, నా ఊపిరి నాకు వచ్చేదాకా పక్కన నిలబడుతుంది.